పడిశానికి ఏడు దినాల ఓర్పు

పడిశం పది రోగాల పెట్టు అన్నారు పెద్దలు. మందు వేసుకుంటే వారం రోజులు, వేసుకోకుంటే ఏడు రోజులు అన్నదీ లోకంలో ఉన్న మాటే. మొదటి మాట భయపెడుతుంది, రెండవది నవ్విస్తుంది. రెండింటిలోనూ సత్యం లేకపోలేదు. కాని నేటి గృహస్థు మొదటిదానిని మాత్రమే మనసున నిలుపుకొని, రెండవదానిని పరిహాసమని తోసివేస్తున్నాడు. అందువల్ల కలుగుతున్న కీడు ఒక్క ముక్కుతో ముగియడం లేదు.

అమీన్‌పూరు, పటాన్‌చెరు సీమనే తీసుకొందాం. దేశవిదేశాలకు ఔషధాలను పంపే కర్మాగారాలకు ఇది పుట్టినిల్లు. ఇక్కడి కార్మికునికి సర్ది పట్టుకుంటే అతడు పోయేది వైద్యుని వద్దకు కాదు, వీధి మొగలోని మందుల దుకాణానికి. ‘ఏవన్న గోలీలియ్యి అన్నా, పొద్దున డ్యూటీకి పోవాలె’ అంటాడు. దుకాణదారు నాలుగు రకాల గోలీలు కాగితంలో చుట్టి చేతిలో పెడతాడు. వాటిలో ఒకటి అజిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ కావడం అరుదు కాదు. వైద్యుని చీటీ లేనిదే దానిని అమ్మరాదని చట్టం ఉన్నది. అటువంటి మందుల అట్టపై ఎర్రగీతను గమనించవలసిందని 2016లో కేంద్రప్రభుత్వం ప్రచారమూ చేసింది. అయినా అడిగేవానికి తొందర, అమ్మేవానికి బేరం. ఇద్దరి నడుమ ఆ ఎర్రగీత ఎవరికీ కనిపించదు.

ఈ వ్యాధి పేరులోనే కొంత భ్రాంతికి తావున్నది. ప్రతిశ్యాయమన్న సంస్కృత పదం మన నోట పడిశమయింది. సర్ది అన్నది పారసీకం నుంచి ఉర్దూ ద్వారా తెలంగాణానికి వచ్చిన మాట. చలి అని దాని అర్థం. ఆంగ్లేయులు పెట్టిన పేరుకూ అదే అర్థం. పేరును బట్టి జనులు చలిగాలిని, వానజల్లును నిందిస్తూ వచ్చారు. బ్రిటన్‌లో సాలిస్‌బరీ వద్ద 1946లో నెలకొల్పిన జలుబు పరిశోధన కేంద్రంలో, స్వచ్ఛందంగా వచ్చినవారిని తడిపి, చలిగాలిలో నిలిపి చూశారు. కేవలం చలివల్ల వారికి జలుబు పుట్టలేదు. దీనికి మూలం వైరస్. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైబడి ఉన్నవి. 1950 దశకంలో బయటపడిన రైనోవైరస్ ఒక్కదానిలోనే 160కి పైగా రకాలున్నవి. ఒకదానిని శరీరం ఎదుర్కొని తేరుకునేలోగా మరొకటి వచ్చి తలుపు తడుతుంది. అన్నిటికీ సరిపోయే టీకా ఇంతవరకు దొరకకపోవడానికి ఇదే ముఖ్యకారణం.

కనుక నివారణ మన చేతిలో ఉన్నదన్నమాట అక్షరాలా నిజం. రోగి చీదిన చేయి తలుపు గడియను తాకుతుంది. ఆ గడియను తాకిన మరొకచేయి ముక్కునో, కన్నునో తాకుతుంది. తుమ్మినప్పుడు లేచిన తుంపరలు దగ్గరివారిని చేరుతాయి. ఒకే గదిలో నలుగురైదుగురు సర్దుకొని పడుకొనే కార్మికులకూ, కిక్కిరిసిన బడి ఆటోలలో పోయే పిల్లలకూ జలుబు వెంటవెంటనే సోకడం ఇందువల్లనే. చేతులను సబ్బుతో ఇరవై సెకన్లపాటు కడుగుకోవడం, తుమ్ముకు మోచేతి మడతను అడ్డం పెట్టుకోవడం, గది కిటికీ తెరచి ఉంచడం – ఇవి కానీ ఖర్చులేని కవచాలు.

వచ్చిన తరువాత చేయవలసినదీ స్వల్పమే. విశ్రాంతి, వేడివేడి చారు, ఉప్పునీటి పుక్కిలింత, జ్వరమూ ఒళ్లునొప్పులూ బాధిస్తే తగు మోతాదులో పారాసిటమాల్. దగ్గుకు తేనె మేలు చేస్తుంది. ఏడాది నిండని శిశువుకు మాత్రం దానిని నాకించరాదు. మరిగే నీటి గిన్నె ముందు పసివాండ్రను కూర్చోబెట్టి ఆవిరి పట్టడం ఒళ్లు కాలడానికి దారి. వారం పదిదినాలకు జలుబు తనంతట తగ్గుతుంది. దగ్గు మరి కొంతకాలం ఉండవచ్చు. చీమిడి పచ్చబడినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమైనదని అనుకోరాదు. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. వైరస్‌ను అది ఏమీ చేయలేదు.

‘ఏమీ చేయకపోతే పోనీ, వేసుకుంటే నష్టమేమి?’ అనేవారున్నారు. నష్టమున్నది. పెనిసిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945 నాటి నోబెల్ ఉపన్యాసంలోనే, చాలీచాలని మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా రాటుదేలుతాయని హెచ్చరించాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో, 1948లో, ఆరియోమైసిన్ లోకానికి అందింది. ఒక తెలుగువాని దీక్ష ఫలించి చేతికందిన ఆయుధజాతిని తెలుగునాటనే మొక్కవోనిస్తున్నాం.

పటాన్‌చెరుకు ఈ హెచ్చరిక రెండింతలు వర్తిస్తుంది. సుమారు తొంభై ఔషధ కర్మాగారాల మురుగును శుద్ధిచేసే ఇక్కడి కేంద్రం నుంచి వెలువడిన నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. ఆ మందు మింగిన రోగి నెత్తుటిలో ఉండేదానికన్న అది ఎన్నోరెట్లు ఎక్కువ. వాగులో మందు, కడుపులో మందు. రెండుచోట్లా బాక్టీరియాకు మనమే కసరత్తు నేర్పుతున్నాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొంది, కొంగలకూ వలసపక్షులకూ ఆశ్రయమిచ్చిన అమీన్‌పూరు చెరువు ఈ సీమలోనిదే. అటువంటిచోట నీటికీ మందుకూ గల సంబంధాన్ని విస్మరించడం తగదు.

పిల్లల విషయంలో తొందర ప్రాణాంతకం కూడా. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గుమందు తాగి పసిపిల్లలు మరణించారు. రెండేళ్లలోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు ఇవ్వరాదనీ, ఐదేళ్లలోపువారికి సాధారణంగా వద్దనీ ఆ సంవత్సరమే కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. ఓర్పు అంటే ఉపేక్ష కాదు సుమా! రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డ 40 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు మానినా అది జలుబు కాదు, న్యుమోనియా కావచ్చు. రెండు నెలలైనా నిండని పసికందుకు ఊపిరిలో ఏ తేడా కనిపించినా ఉపేక్షించరాదు. అప్పుడు క్షణమైనా ఆగక ఆసుపత్రికి పోవలసిందే. పది రోగాల పెట్టు అన్న మాటకు అర్థం అక్కడ ఉన్నది.

ఇక, ఓర్పు వహించవయ్యా అని కూలివానికి బోధించడం సులభం. ఆ ఓర్పు ఖరీదు ఎవరు భరించాలి? ఈ.ఎస్.ఐ. పథకంలో జబ్బుపడ్డ కార్మికునికి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 దినాల వరకు భత్యం ఉన్నది. అయితే సాధారణంగా మొదటి రెండు దినాలకు అది వర్తించదు. జలుబు మనిషిని పడవేసేదీ, అధికంగా ఇతరులకు అంటేదీ సరిగా ఆ తొలిదినాలలోనే! పథకం పేరే ఎరుగని దినకూలీకి ఆ మాత్రమూ లేదు. అతడు ముక్కు తుడుచుకుంటూ పనిలో నిలుస్తాడు, పక్కవానికి అంటిస్తాడు, సాయంత్రం గోలీలు కొంటాడు. ఇది అతని అజ్ఞానమని తేల్చివేయడం అన్యాయం.

జలుబు సోకిన కార్మికునికి రెండు దినాల జీతపు సెలవు ఇవ్వడం యజమానికి భారం కాదు. నలుగురు ఒకేసారి మంచమెక్కడం కన్న చౌక. చీటీ లేనిదే యాంటీబయాటిక్ ఇవ్వననడం దుకాణదారుకు ధర్మం. అడగకపోవడం మనకు ధర్మం. ఏడు దినాలలో పోయే జలుబుకోసం, రేపు బాలింత జ్వరానికీ, శస్త్రచికిత్స పుండుకూ పనికిరావలసిన మందును ఈనాడే దుబారా చేయడం ఏపాటి వివేకం?