ఐదు వాక్యాల లేఖ.. 608 ప్రస్తావనలు!

ప్రాజెక్టు రిపోర్టులో రిఫరెన్సుల పేజీ మీలో చాలామందికి ఆఖరి రోజు పని. సీనియర్ల రిపోర్టులోవి దించేస్తారు, లేదంటే చాట్‌జీపీటీని అడిగేస్తారు. అది అంత తేలిగ్గా తీసుకునే పేజీ కాదని ఈ ఉదంతం చదివితే మీకే అర్థమవుతుంది.

1980 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ఐదు వాక్యాల లేఖ అచ్చయింది. రాసింది బోస్టన్ పరిశోధకులు జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్. ఆసుపత్రుల్లో ఓపియాయిడ్ నొప్పి మందులు తీసుకున్న 11,882 మంది రికార్డులు చూస్తే, కొత్తగా వ్యసనానికి లోనైనవారు నలుగురే కనిపించారన్నది దాని సారాంశం. అది ఆసుపత్రిలో పర్యవేక్షణలో ఉన్నవారి లెక్క. ఇంట్లో నెలల తరబడి ఆ మందులు వాడేవారి గురించి అందులో ఒక్క ముక్కా లేదు.

కానీ ఒక పత్రం నుంచి మరో పత్రానికి పాకుతూ పోయేసరికి ‘ఆసుపత్రిలో’ అన్న మాట రాలిపోయింది. ‘వ్యసనం అరుదు’ అన్నదే మిగిలింది. 1996లో ఆక్సికాంటిన్ మార్కెట్లోకి వచ్చాక ఈ ప్రస్తావనలు బాగా పెరిగాయి. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే మొత్తం 608 తేలాయి. వాటిలో 72 శాతం ఆ లేఖను వ్యసనం అరుదనడానికి రుజువుగా చూపాయి. దాదాపు 81 శాతం, రోగులు ఆసుపత్రిలో ఉన్నవారన్న సంగతే చెప్పలేదు. అమెరికాలో లక్షల ప్రాణాలు తీసిన ఓపియాయిడ్ సంక్షోభానికి ఇదీ ఒక కారణమని వారు అభిప్రాయపడ్డారు.

అంటే సైటేషన్ల సంఖ్య ఒక మాట ఎంత దూరం వెళ్లిందో చెబుతుందే తప్ప, అది నిజమో కాదో చెప్పదు. మన కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లోనూ సైటేషన్లు ఒక కొలమానమే. ఇప్పుడు ఏఐ టూల్స్ అసలు లేని పత్రాలనూ ఉన్నట్టే రాసిచ్చేస్తున్నాయి. కాబట్టి జాగ్రత్త మరింత అవసరం.

మరి మీరేం చేయాలి? రిఫరెన్సు రాసేముందు అసలు పత్రం తెరవండి. కనీసం సారాంశం చదవండి. ఎవరిపై చేశారు, ఎంతమందిపై, ఏ పరిస్థితుల్లో.. ఈ మూడూ నోట్ చేసుకోండి. పత్రం దొరక్కపోతే ఆ రిఫరెన్సు తీసేయండి. ఫార్మా కంపెనీల్లో మెడికల్ రైటింగ్, డ్రగ్ సేఫ్టీ ఉద్యోగాలకు వెళ్లాలనుకునేవారికి రేపు రోజువారీ పని ఇదే. ఇంటర్వ్యూలో ‘ఈ అంకె ఎక్కడిది?’ అని అడిగితే తడుముకోకుండా చెప్పగలగాలి.