గుండె జబ్బు లేదన్న ధీమా చాలదు: వైరస్ సోకినప్పుడు రక్త పరీక్ష చెప్పేదేమిటి?

కరోనా వార్డులు మూతపడి ఏళ్లవుతోంది. అయినా నడివయసు మనిషి ఎవరైనా ఉన్నట్టుండి కుప్పకూలితే చాలు, ‘కరోనా వల్లా? టీకా వల్లా?’ అన్న చర్చ మళ్లీ మొదలవుతోంది. 2025 జులైలో కర్ణాటకలోని హాసన్ జిల్లా మరణాలపైనా ఇదే వాదన నడిచింది. ఐసీఎంఆర్, ఎయిమ్స్ అధ్యయనాలను చూపిస్తూ టీకాకూ ఆకస్మిక మరణాలకూ సంబంధం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించాల్సి వచ్చింది. ఈ గొడవలో మరుగున పడిన విషయం ఒకటుంది. వైరస్ దెబ్బ గుండె దాకా వెళ్లిందా లేదా అన్నది చాలావరకు రక్త పరీక్షలో తెలిసిపోతుంది.

ఆ పరీక్ష పేరు ట్రోపోనిన్. ఇది గుండె కండరంలో ఉండే ప్రోటీన్. ఆరోగ్యంగా ఉన్నవారి రక్తంలో ఇది చాలా కొద్దిగానే ఉంటుంది. కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరి పెరుగుతుంది. గుండె మీద భారం ఎంత పడుతోందో చెప్పే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే మరో పరీక్ష కూడా ఉంది.

వుహాన్ లెక్కలు

2020లో చైనాలోని వుహాన్‌లో ఒక ఆస్పత్రి వైద్యులు 416 మంది కరోనా రోగులను పరిశీలించారు. వారిలో 82 మందికి గుండె దెబ్బతిన్నట్టు రక్త పరీక్షలో తేలింది. ఆ 82 మందిలో సగానికి పైగా చనిపోయారు. మిగిలినవారిలో మరణాలు 4.5 శాతమే.

అదే నగరంలోని మరో ఆస్పత్రిలో 187 మందిపై జరిగిన అధ్యయనం ఇంకా లోతైన సంగతి చెప్పింది. పాత గుండె జబ్బు లేక, ట్రోపోనిన్ కూడా మామూలుగా ఉన్నవారిలో సుమారు 7.6 శాతం మంది చనిపోయారు. గుండె జబ్బు ఉన్నా ట్రోపోనిన్ పెరగనివారిలో అది 13.3 శాతం. గుండె జబ్బు లేకున్నా ట్రోపోనిన్ పెరిగినవారిలో ఏకంగా 37.5 శాతం. రెండూ ఉన్నవారిలో 69.4 శాతం.

అంటే, ‘మా అబ్బాజాన్ హార్ట్ పేషెంట్, ఇక ఆశ లేదు’ అని బెంగపడ్డ కుటుంబాల భయమూ పూర్తిగా నిజం కాదు. ‘నాకు ఏ జబ్బూ లేదు, ఏం కాదు’ అన్న ధీమా కూడా చెల్లదు. పాత జబ్బు కంటే ఇప్పుడు గుండెకు ఏం జరుగుతోందన్నదే ఎక్కువ తేడా చూపింది. అయితే ఇది చిన్న అధ్యయనం. జబ్బు లేకుండా ట్రోపోనిన్ పెరిగినవారు అందులో 16 మందే. కానీ న్యూయార్క్‌లో 2,736 మందిపై జరిగిన పెద్ద పరిశీలనలోనూ దారి ఇదే. అక్కడ 36 శాతం మందిలో ట్రోపోనిన్ పెరిగింది. కొద్దిగా పెరిగినవారికి మరణ ముప్పు 1.75 రెట్లు, బాగా పెరిగినవారికి మూడు రెట్లు ఉంది.

పెరిగితే హార్ట్ ఎటాకేనా?

కాదు. జ్వరంతో గుండె వేగంగా కొట్టుకుంటుంటే, ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్ సరిగా అందదు. ఒంట్లో వాపు గుండెకూ పాకుతుంది. రక్తం గడ్డకడుతుంది. కొందరిలో గుండె కండరానికే వాపు వస్తుంది. వీటిలో దేనివల్లనైనా ట్రోపోనిన్ పెరగొచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారిలో మామూలు రోజుల్లోనూ ఎక్కువే ఉండొచ్చు. అందుకే ఈసీజీ, టూడీ ఎకోలతో కలిపి చూస్తారు, కొన్ని గంటలకు మళ్లీ రక్తం తీస్తారు.

కోలుకున్నవారి సంగతి? లండన్‌లో ట్రోపోనిన్ పెరిగి డిశ్చార్జి అయిన 148 మందికి గుండె ఎంఆర్ఐ తీస్తే, సగానికి పైగా మందిలో ఏదో ఒక మచ్చో, దెబ్బో కనిపించింది. అయినా 89 శాతం మందిలో గుండె రక్తాన్ని బాగానే పంపు చేస్తోంది. భయపడక్కర్లేదు గానీ ఫాలోఅప్ మానకూడదు.

ఇది కరోనాతో పోయే ముచ్చట కూడా కాదు. కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి వారంలో హార్ట్ ఎటాక్ ముప్పు ఆరు రెట్లు పెరుగుతోందని అది తేల్చింది. మన దేశంలో 18-45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, గతంలో కరోనాతో ఆస్పత్రిలో చేరడం, కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, అతిగా మద్యం తాగడం, మితిమీరిన శ్రమ ముప్పును పెంచాయి. రెండు డోసుల టీకా తీసుకున్నవారిలో ముప్పు తగ్గింది.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

జలుబు చేసిన ప్రతిసారీ ల్యాబ్‌కు వెళ్లి ట్రోపోనిన్ చేయించడం డబ్బు దండగ. కానీ జ్వరంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే ‘తెల్లారాక చూద్దాం’ అనుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బీపీ, గుండె మందులు సొంతంగా ఆపొద్దు. డిశ్చార్జి కాగితాల్లో ట్రోపోనిన్ పెరిగిందని ఉంటే ఆ ఫైలు దాచిపెట్టి, కార్డియాలజిస్టుకు చూపించాలి. అంతవరకు బరువైన కసరత్తులు వద్దు. హజ్, ఉమ్రా వంటి రద్దీ ప్రయాణాలకు సిద్ధమయ్యే పెద్దలకు ఫ్లూ టీకా గురించి ముందే డాక్టర్‌ను అడగాలి. అమ్మీ, అబ్బాల సూట్‌కేసు సర్దే రోజునే కాదు, కనీసం కొన్ని వారాల ముందే.