పాత బండికి పాత గేర్లు

వినగడప వంటి గ్రామంలో పాత మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. పొలానికీ, తిరువూరు బజారుకూ అదే ఆధారం. యెజ్డీ బండ్లను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. అటువంటి బండి గేర్లు చెడితే యజమాని విజయవాడ ఆటోనగర్‌లోని పాత సామాను దుకాణాలను ఆశ్రయించడం సహజం.

చవక అన్న ఒక్క కారణంతో కొనడం మాత్రం వివేకం కాదు. గేరు పంటికి పైపొరలోనే గట్టిదనమంతా ఉంటుంది. ఆ పొర పోయిన పన్ను ఎంత మెరిసినా త్వరలోనే అరిగిపోతుంది. అది కనిపెట్టగలవాడు అనుభవం గల మెకానిక్కే. అతని చూపుకు కూలి ఇవ్వడానికి బేరమాడేవారు పనికిరాని ఇనుముకు రెట్టింపు చెల్లిస్తారు.

మరొక చిక్కు ఉంది. తాను ఎవరి బండిలోదో గేరు చెప్పదు. దొంగబండి భాగాలు ఇందులో కలిస్తే నష్టపోయేది మరో పల్లెలోని రైతే కావచ్చు. కనుక ప్రతి పాత భాగానికీ, అది ఏ బండిలోనిదో తెలిపే రసీదును తప్పనిసరి చేయాలి. ధర కొంత పెరుగుతుంది, పెరగనీ.