నత్తనడక సర్వర్: దోషి ఎవరు?

హౌరా నుండి ఖరగ్‌పూర్ దిశగా బయలుదేరే లోకల్ రైలుకు తొలి మజిలీ టికియాపారా. హుగ్లీ నదికి ఆవలి ఒడ్డున, కలకత్తా మహానగరానికి ఎదురుగా ఉన్న ఈ ప్రాంతంలో లోకల్ రైళ్ల కార్‌షెడ్ ఉన్నది. రైలు ఆలస్యమైతే ప్రయాణికుడు బండిని నిందిస్తాడు. షెడ్డులోని మెకానిక్కు అంత తొందరపడడు. లోపం మోటారుదా, బ్రేకులదా, తలుపులదా అని ఒక్కొక్కటే పరీక్షించిన పిమ్మటనే చేయి వేస్తాడు.

సర్వర్ మందగించినపుడు కూడా ఈ వివేకమే అవసరం. "యంత్రం పాతబడినది, కొత్తది కొనండి" అన్న మాట ప్రతి కార్యాలయంలోనూ సులభంగా వినవస్తుంది. కాని ముందు పరిశీలించవలసినవి నాలుగు: ప్రాసెసర్, మెమరీ, డిస్క్, నెట్‌వర్క్. వీటిలో ఏది నిండిపోయినది? దానిని నింపుతున్న అప్లికేషన్ ఏది?

లినక్స్ సర్వర్‌లో 'టాప్' అనే ఆదేశం ఇస్తే, ఏ ప్రోగ్రాము ఎంత ప్రాసెసర్‌ను, ఎంత మెమరీని వాడుతున్నదో తెరపై కనిపిస్తుంది. పైభాగాన కనిపించే మూడు లోడ్ అంకెలు గడచిన 1, 5, 15 నిమిషాల సగటు రద్దీని తెలుపుతాయి. ఇందులో ఒక మెలిక ఉన్నది. లోడ్ అధికంగా ఉండి కూడా ప్రాసెసర్ ఖాళీగా ఉండవచ్చు; పనులన్నీ డిస్క్ కోసం నిరీక్షిస్తూ ఉండవచ్చు. మెమరీ చాలనపుడు సర్వర్ కొంత సమాచారాన్ని డిస్క్‌పైకి తరలిస్తుంది. డిస్క్ మెమరీకంటె ఎన్నో రెట్లు నిదానం. అట్టిచోట కొత్త ప్రాసెసర్ కొన్నా ఫలితం శూన్యం.

కొలత విలువ ఎంతటిదో తత్కాల్ టికెట్ల ఉదంతం చాటుతున్నది. ఈ మార్గంలోనే ఉన్న ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాలెన్నో ఉన్నాయి. హఠాత్తుగా స్వస్థలానికి పోవలసి వస్తే అట్టి కుటుంబాలకు తత్కాల్ ఒక ఆధారం. ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు ఇతర తరగతులకు బుకింగ్ తెరుచుకొనగానే లక్షలాది మంది ఒక్కమారుగా సర్వర్ తలుపు తడతారు. పేజీ కదలదు, కదిలేసరికి సీట్లు ఉండవు. 2025 జూన్‌లో రైల్వేశాఖ వెల్లడించిన లెక్కల ప్రకారం, తొలి 5 నిమిషాల లాగిన్ ప్రయత్నాలలో 50 శాతం వరకు మనుషులవి కావు. బాట్‌లనబడే స్వయంచాలక ప్రోగ్రాములవి. అనుమానాస్పదమైన 2.5 కోట్ల ఖాతాలను నిలిపివేశారు. బాట్‌లను అడ్డగించే వ్యవస్థను నెలకొల్పిన తరువాత, 2025 మే 22న ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్ అయినాయి. అదే సంవత్సరం జూలై 1 నుండి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయినది.

సర్వర్లను మాత్రమే పెంచి ఊరకుంటే, ఆ పెరిగిన శక్తిలో కూడా బాట్‌లు వాటా పంచుకొనేవి. ఎవరు వాడుతున్నారో లెక్క తేలినందువలననే ఎవరిని ఆపవలెనో తెలిసినది.

చిన్న కార్యాలయానికి కూడా ఇదే పాఠం. సర్వర్ ఆరోగ్యంగా ఉన్న దినాలలోనే దాని అంకెలను నమోదు చేసి ఉంచవలె. ఆరోగ్యవంతుని నాడి ఎరిగిన వైద్యునికే జ్వరపు నాడి తెలుస్తుంది.