హైబ్రిడ్ విత్తనానికి మూలధనం

రెండు భిన్న రకాలను సంకరపరచగా పుట్టిన మొదటి తరం పైరు, తల్లిదండ్రుల కంటె ఏపుగా పెరిగి అధికంగా ఫలిస్తుంది. దీనినే శాస్త్రజ్ఞులు సంకర తేజం అంటారు. అయితే ఈ సూత్రం జొన్నలో చిరకాలం ఆచరణకు రాలేదు. జొన్న పువ్వులో స్త్రీ పురుష భాగాలు రెండూ ఉండి, అధిక భాగం తన పుప్పొడితోనే గింజ కడుతుంది. ఒక్కొక్క కంకిలోని వందలాది పూలనుండి పుప్పొడి తిత్తులను చేతితో తొలగించడం ఎవరి తరం? 1954లో అమెరికా శాస్త్రజ్ఞులు స్టీఫెన్స్, హాలండ్‌లు పుప్పొడి నిస్సారమైన జొన్న వంశాలను రూపొందించడంతో ఆ చిక్కు వీడింది. 1964లో భారతదేశపు తొలి హైబ్రిడ్ జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలయింది.

లాభం ప్రత్యక్షంగానే కనిపించింది. పొడవాటి నాటు జొన్నల స్థానంలో త్వరగా కోతకు వచ్చే పొట్టి పైరు ఎక్కువ గింజనిచ్చింది. కాని ఆ తొందరే ఒక బెడదను కూడ తెచ్చింది. వానలు వెనుదిరగకముందే కంకి పండటంవల్ల గింజకు బూజు పట్టి నల్లబడేది. అంగడిలో ధర పడిపోయేది. రబీలోనైతే రొట్టెకు పేరుపడిన మాల్దండి రకాన్ని హైబ్రిడ్‌లు నేటికీ తొలగించలేకపోయాయి. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి. హైబ్రిడ్ పంటలోని గింజను మరుసటి ఏడు విత్తితే గుణాలు విడిపోయి, పైరు ఎగుడుదిగుడుగా పెరుగుతుంది, దిగుబడి తగ్గుతుంది. రైతు ఏటా కొత్త విత్తనం కొనవలసిందే.

ఈ చివరి చిక్కుకు విరుగుడును డాక్టర్ ఆర్. హెచ్. రిఛారియా వరిలో వెదికారు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిన ఆయన, 1970 దశకంలో రాయపూర్‌లోని వరి పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు. సంకర వరి దుబ్బునుండి పిలకలను విడదీసి నాటితే ప్రతి పిలకా తల్లిమొక్కకు ప్రతిరూపమే అవుతుంది. గుణాలు విడిపోవు, విత్తనమూ కొననక్కరలేదు. శ్రమతో కూడిన ఈ పద్ధతి విస్తృతంగా వ్యాపించలేదు.

నిలిచినది ఆయన సేకరణ. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ పల్లెలనుండి ఆయన బృందం వేలాది నాటు వరి నమూనాలను సమీకరించింది. ఈనాడు రాయపూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 23 వేలకు పైగా వరి నమూనాలు భద్రంగా ఉన్నాయి. సంకర తేజానికి ఆధారం తల్లిదండ్రుల మధ్య గల భేదమే కనుక, ఇట్టి నిధియే భావి హైబ్రిడ్‌లకు మూలధనం. 2002లో ఈ నిధిని వినియోగించుకొనేందుకు సింజెంటా సంస్థ విశ్వవిద్యాలయంతో ఒప్పందానికి పూనుకోగా, ప్రజలనుండి తీవ్ర నిరసన చెలరేగింది. సంస్థ వెనుదిరిగింది.

ఆ నిరసన వెనుక న్యాయమైన ప్రశ్న ఉంది. ఈ రకాలను తరతరాలుగా ఎంపికచేసి నిలిపినవారు రైతులు. విత్తనం దాచుకొనే, విత్తుకొనే, ఇచ్చిపుచ్చుకొనే హక్కును 2001 నాటి చట్టం వారికి ప్రసాదించింది. అయితే దాచుకొన్న హైబ్రిడ్ గింజ తేజాన్ని నిలుపుకోదు. అక్కడ చట్టమిచ్చిన హక్కు పొలంలో అక్కరకు రాదు. కాబట్టి హైబ్రిడ్‌ల పక్కనే, దాచి విత్తినా గుణం చెడని మేలురకాలను కూడ పరిశోధనాలయాలు రైతుకు అందిస్తూ ఉండాలి. అప్పుడే కొనడమా, దాచుకోవడమా అన్న నిర్ణయం రైతు చేతిలో ఉంటుంది.