కృష్ణకు ఆవల ఒక న్యాయం, ఈవల ఇంకొకటా?

ఒకే జాతి, ఒకే నల్లమల. అయినా కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాద్ చెంచులకు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు రక్షణ ఉంది. ఈవల అర్ధవీడు, యర్రగొండపాలెం, పెద్దదోర్నాల వైపు గూడేల్లో ఉన్న చెంచులకు అది లేదు. నడుమ ఉన్నది ఒక్క నది. నదికి ఆ పక్క పుట్టినవాడికి ఒక హక్కు, ఈ పక్క పుట్టినవాడికి ఇంకొకటా? ఇదెక్కడి న్యాయం?

ఈ తేడా ఎలా వచ్చిందో కూలిజనం తెలుసుకోవాలి. 1950లో రాష్ట్రపతి షెడ్యూల్డ్ ప్రాంతాలను ప్రకటిస్తూ రెండు ఉత్తర్వులు ఇచ్చారు. అమ్రాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. అక్కడి చెంచుల ఊళ్లు ఆ జాబితాకెక్కాయి. మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం కర్నూలు జిల్లాగా మద్రాసు రాష్ట్రంలో ఉంది. మద్రాసు జాబితాలో గోదావరి, విశాఖ ఏజెన్సీలు వచ్చాయి గానీ నల్లమల రాలేదు. ఆ తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1970లో మనల్ని కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రమే రెండయింది. పెద్దల అవసరం పడ్డప్పుడల్లా పటం మారింది. చెంచుల కోసం మాత్రం ఒక్క గీతా కదలలేదు.

ఐదో షెడ్యూలు అంటే ఏదో కాగితం ముక్క అనుకోకండి. శ్రీకాకుళం గిరిజనులు తిరగబడ్డాక, 1970లో భూబదలాయింపు నిబంధనను బిగించారు. మనం వాడుకగా 1/70 అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడానికి అది ఒప్పుకోదు. 1996లో వచ్చిన పీసా చట్టం ప్రకారం అక్కడి పంచాయతీ సర్పంచి గిరిజనుడే కావాలి, అడవి చిన్న ఉత్పత్తులపై గ్రామసభకు హక్కు ఉండాలి. ఈ రెండూ మన గూడేలకు వర్తించవు. అందుకే అప్పు కింద గుంజుకున్నా, కౌలు పేరుతో కాజేసినా, మన చెంచుకు 1/70 అండ లేదు.

ఇక ఓటు సంగతి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో గిరిజనులకు 7 స్థానాలున్నాయి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. నల్లమలలో ఒక్కటీ లేదు. గవర్నరుకు సలహా చెప్పే గిరిజన సలహా మండలిలో నాలుగింట మూడొంతులు గిరిజన శాసనసభ్యులతోనే నింపాలి. అక్కడ చెంచు గొంతు ఎలా వినిపిస్తుంది? తలలు లెక్కపెట్టే ప్రజాస్వామ్యంలో కొద్దిమంది ఉన్న జాతి ఎప్పుడూ ఓడిపోతుంది. ఆ ఓటమి జరగకూడదనే రాజ్యాంగం ప్రత్యేక రక్షణలు రాసింది. వాటిని సగం మందికే పంచితే రాజ్యాంగం సగమే అమలైనట్టు.

పక్క దేశం సంగతి చూడండి. సిలోనుకు 1948లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ ఏడాదే చేసిన పౌరసత్వ చట్టంతో తేయాకు తోటల్లో చాకిరీ చేసే లక్షలాది తమిళ కూలీలు పౌరసత్వం లేనివాళ్లయ్యారు. 1956లో సింహళమే ఏకైక అధికార భాష అన్నారు. మెజారిటీ ఓట్లు చేతిలో ఉన్నాయి కదా, ఎవరు అడ్డం? చివరకు 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధంలో దేశం కాలిపోయింది. దెబ్బ మొదట పడింది కూలివాడి మీదే. ఓట్ల లెక్క చూసుకుని చిన్న జాతిని తొక్కితే, రేపు ఆ కాలు కూలిజనం మెడ మీదికీ వస్తుంది.

మన కూలీల్లో ఒక భయం ఉంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. ‘‘ఈ ఊళ్లను షెడ్యూలులో పెడితే మా ఇంటి జాగా, మా అరెకరం ఏమవుతుంది?’’ అని దళిత, వెనుకబడిన కులాల పేదలు అడుగుతున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. ఏజెన్సీలో గిరిజనేతర పేదలు పట్టాలకు పడే పాట్లు మనకు తెలుసు. కాబట్టి డిమాండును జాగ్రత్తగా రాసుకోవాలి. ఊరూరూ కలిపి కాదు, చెంచు గూడేలూ వాటి భూములూ లెక్కగట్టి షెడ్యూలులో చేర్చమనాలి. అక్కడ ఇప్పటికే గుడిసెలు వేసుకున్న పేదల ఇంటి జాగాల సంగతి ముందే తేల్చమనాలి. ఈ పని చేయకపోతే భూస్వామి ఆ భయాన్నే వాడుకుని చెంచును మాదిగ మీదికి, మాదిగను సుగాలి మీదికి ఉసిగొల్పుతాడు. 2017లో ఆదిలాబాద్‌లో ఆదివాసులకూ లంబాడాలకూ మధ్య రగిలిన చిచ్చు చూశాం. ఉన్న కాస్త రొట్టె కోసం పేదలు తన్నుకుంటుంటే, రొట్టెల గంప దాచుకున్నవాడు హాయిగా చూస్తున్నాడు.

షెడ్యూలు వచ్చేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఐదో షెడ్యూలుతో పని లేదు. అడవి ఉన్న చోటల్లా అది వర్తిస్తుంది, 1983 నుంచి పులుల రిజర్వుగా ఉన్న నల్లమలలోనూ వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనుడికి పట్టా హక్కుంది. తేనె, జిగురు, చింతపండు మీద హక్కుంది. చెంచుల వంటి ఆదిమ తెగలకైతే తరతరాల ఆవాసం మొత్తం మీద సాముదాయిక హక్కు అడిగే వీలుంది. హక్కుల పరిశీలన ముగిసేదాకా ఎవరినీ ఖాళీ చేయించరాదని చట్టంలోనే ఉంది. మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవిని నమ్ముకుని బతుకుతున్న ఇతర పేదలకూ అందులో చోటుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఉంది. గవర్నరును సంప్రదించి ఉత్తర్వు ఇస్తే చాలు, పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. ఆ అధికారం 1976 నుంచీ ఉంది. లేనిది పాలకులకు మనసు.

కాబట్టి వ్యవసాయ కార్మిక సంఘాలు ముందు రెండు పనులు పెట్టుకోవాలి. ఒకటి, గూడెం గూడెం తిరిగి అటవీ హక్కుల దరఖాస్తులు గ్రామసభలో పెట్టించడం. వ్యక్తి పట్టాతో ఆగకుండా సాముదాయిక హక్కూ అడిగించడం. రెండు, నల్లమల గూడేలను షెడ్యూలులో చేర్చాలని పంచాయతీల్లో తీర్మానాలు చేయించడం. ఆ తీర్మానం మీద చెంచు వేలిముద్ర పక్కనే మాల, మాదిగ, బోయ కూలీ సంతకమూ పడాలి. అప్పుడే పై అధికారి దాన్ని చెత్తబుట్టలో వేయడానికి జంకుతాడు.