శివారుకి నీళ్లు రావు గానీ, మురికి మాత్రం టైముకొచ్చిద్ది

జూన్‌లో కాలవలు వదిలారంటే మా ఊళ్లో రెండు మాటలు వినపడతాయి. "నీళ్లొచ్చినయ్యా?" అని రైతులు. "మొదటి నీళ్లు చెరువుకి ఎక్కించమాకండ్రా" అని మా నాయనమ్మ.

మాది బందరు కాలవ కింద శివారు ఊరు. పై ఊళ్లన్నీ తాగి, తడుపుకుని, వద్దనుకున్నయ్యే మా దాకా వస్తాయి. నారుమడి టైముకి నీళ్లు కావాలంటే లస్కరు చుట్టూ తిరగాలి, లాకుల దగ్గర రాత్రిళ్లు కాపలా ఉండాలి. కానీ మొదటి నీళ్లతో పాటు వచ్చే నల్ల నురగ, ప్లాస్టిక్ గ్లాసులు, గుర్రపుడెక్క గుట్టలు... వీటి కోసం ఎవర్నీ బతిమాలక్కర్లా. అయ్యే వచ్చేస్తాయి.

ఆ కాలవ నీళ్లే మా మంచినీళ్ల చెరువుకి దిక్కు. ఎండాకాలం కాలవ కట్టేసే ముందు చెరువు నింపుకోవాలి, జూన్ దాకా అదే తాగాలి. ఇప్పుడు మా ఊళ్లో కాస్త చేతిలో డబ్బులున్న ఇళ్లకి 20 లీటర్ల టిన్ను వస్తది. లేనోళ్లు చెరువు నీళ్లే కాచుకుంటారు. కృష్ణా డెల్టాలో పుట్టి నీళ్లు కొనుక్కోవడం ఏంటో మా నాయనమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. నాకు అర్థమైంది కానీ మింగుడు పడలా.

మరి చట్టం లేదా? ఉంది. ఒకటి కాదు, బోలెడున్నాయి. నీటి కాలుష్య చట్టం 1974లో వచ్చింది. గాలికి 1981లో. భోపాల్‌లో 1984 డిసెంబరులో విషవాయువు జనాన్ని చంపాక, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం. ఇది పెద్ద గొడుగు లాంటిది: నేల, నీరు, గాలి అన్నీ దీని కిందకే వస్తాయి. ఐదో సెక్షన్ కింద ఫ్యాక్టరీ మూసెయ్యమనొచ్చు, కరెంటు, నీళ్లు కొట్టెయ్యమనొచ్చు. 2010లో ఈ గొడవలు వినడానికే జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టారు. మన రాష్ట్రం కేసులు చెన్నై బెంచికి పోతాయి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి హెడ్డాఫీసు ఎక్కడో కాదు, విజయవాడ కస్తూరిబాయిపేటలోనే ఉంది. ఏలూరు కాలవ, రైవస్ కాలవ, బందరు కాలవ మూడూ పారేది ఆ ఊళ్లోంచే.

చట్టం పక్కనే ఉంది, ఆఫీసు పక్కనే ఉంది, మురికీ పక్కనే ఉంది. అయినా మా ఊరికి అదే నీళ్లు. ఎందుకని? నాకు అర్థమైనంత వరకు చెప్తా.

చట్టం గొట్టాన్ని చూసిద్ది

కాలుష్యం అనగానే మనకి ఫ్యాక్టరీ పొగగొట్టం గుర్తొస్తది. చట్టానికీ అంతే. అనుమతి తీసుకున్న ఒక ఫ్యాక్టరీ, దానికో గొట్టం, ఆ గొట్టంలోంచి వచ్చేదానికో హద్దు. హద్దు దాటితే పట్టుకో. లెక్క బాగానే ఉంది.

కానీ మన డెల్టాలో మురికికి ఒక గొట్టం లేదు. నగరంలో పైపు పడని ఇళ్ల మురుగు సైడు కాలవల్లోంచి పెద్ద కాలవల్లో పడిద్ది. విజయవాడలో శుద్ధి ప్లాంట్లు లేవని కాదు. సింగ్ నగర్‌లో, ఆటోనగర్‌లో, రామలింగేశ్వరనగర్‌లో ఉన్నాయి. ప్లాంటు దాకా చేరని మురుగుతోనే గొడవంతా. దారిలో కూరగాయల చెత్త, చచ్చిన కోళ్లు, పెళ్లిళ్ల ఆకులు. కింద పొలాల్లోంచి మందులు. ఇంకా కింద చేపల చెరువుల నీళ్లు. ఎవడి వాటా ఎంత అంటే ఎవడూ చెప్పలేడు. అందరిదీ అయినప్పుడు ఎవరిదీ కాకుండా పోద్ది.

మిగతా రకాలూ ఇంతే. మిషన్ కోతయ్యాక గడ్డి తగలబెడితే గాలి పాడైద్ది, మిల్లు ఊక బూడిద కంట్లో పడిద్ది, ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ బూడిద. శబ్దానికీ రూల్స్ ఉన్నాయి, 2000లో వచ్చినయ్యి: ఇళ్ల మధ్య పగలు 55 డెసిబుల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట మైకు మోగకూడదు. మన ఊరి డీజే ఆ లెక్కలో ఎక్కడుందో మీకే తెలుసు. కానీ పొగ తేలిపోద్ది, డీజే తెల్లారేసరికి ఆగిద్ది. నీళ్లు మాత్రం వొంట్లోకి పోతాయి. అందుకే నా గోలంతా నీళ్ల గురించే.

డబ్బుల్లేవంటే కుదరదు

ఇక్కడ ఇంకో ముడి ఉంది. మురుగు వదిలేది ప్రైవేటు కంపెనీ అయితే మనకి కోపమొస్తది. వదిలేది ఊరే అయితే? మున్సిపాలిటీలను అడిగితే అందరూ చెప్పే జవాబు ఒకటే: నిధుల్లేవు.

ఈ జవాబుని సుప్రీంకోర్టు 1980లోనే కొట్టేసింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే ఊరు. వీధిలో మురుగు పారుతుంటే అక్కడి జనం మెజిస్ట్రేటు దగ్గరికి పోయారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలా. జనం ఆరోగ్యం కాపాడ్డం మున్సిపాలిటీ మొదటి పని, ఖజానా ఖాళీ అని తప్పించుకోడానికి లేదన్నాడు. మళ్లీ 2017 ఫిబ్రవరిలో, మూడేళ్లలో మురుగు శుద్ధి ప్లాంట్లు కట్టుకోవాలని మున్సిపాలిటీలకి సుప్రీంకోర్టు గడువు పెట్టింది. 2019లో హరిత ట్రిబ్యునల్ ఇంకో అడుగేసింది: శుద్ధి లేకుండా నదుల్లో కలిసే ఒక్కో మురుగు కాలవకి, 2020 ఏప్రిల్ నుంచి నెలకి 5 లక్షలు కట్టాలంది.

నీళ్ల గురించి మన రాష్ట్రం నుంచే పోయిన కేసొకటుంది. హైదరాబాదుకి తాగునీరిచ్చే హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ దగ్గర్లో ఫ్యాక్టరీ పెడతామంటే, అప్పటి ఉమ్మడి రాష్ట్రం కాలుష్య మండలి వద్దని సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1999లో తీర్పొచ్చింది. ప్రమాదం జరిగేదాకా ఆగక్కర్లేదు, హాని ఉండదని నిరూపించే బరువు ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అని. తాగే నీళ్ల దగ్గర అనుమానం వచ్చినా జాగ్రత్త పడాల్సిందే అన్నమాట. ఇది హైదరాబాదు చెరువులకైతే ఎంతో, మా శివారు చెరువుకీ అంతే కదా.

జైలు పోయింది, జరిమానా మిగిలింది

ఈ మధ్య చట్టం మారింది. చాలామంది పట్టించుకోలా. 1986 చట్టం కింద తప్పు చేస్తే ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో తెచ్చిన జన్ విశ్వాస్ చట్టం ఆ జైలుని తీసేసి, 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఆ జరిమానా కూడా కట్టకపోతేనే మళ్లీ జైలు మాట. 2024లో నీటి చట్టానికీ అదే పని చేశారు. నీటి చట్టం మార్పు ముందు కొన్ని రాష్ట్రాలకే వర్తించింది, మిగతా రాష్ట్రాలు అసెంబ్లీలో తీర్మానం చేసి తెచ్చుకోవాలి.

దీనికి సర్కారు చెప్పే కారణం కొట్టిపారేసేది కాదు. క్రిమినల్ కేసులు ఏళ్లకేళ్లు నడుస్తాయి, జైలుకి పోయేవాడు లేడు, దానికంటే వెంటనే జరిమానా వేస్తే మేలు అని. సరే. కానీ శుద్ధి ప్లాంటు నడపడానికి ఏడాదికి కోట్లయ్యే కంపెనీకి 15 లక్షలు ఓ ఖర్చు పద్దు. కరెంటు బిల్లు కట్టినట్టు కట్టి పోతాడు. కాగితం మీదున్నా సరే, జైలనే మాట వింటే మేనేజరుకి నిద్ర పట్టేది కాదు. ఇప్పుడా భయం పోయింది. చిన్న మిల్లోడికి 10 వేలు కూడా నొప్పే, పెద్దోడికి 15 లక్షలు చీమ కుట్టినట్టు. ఇది నాకు న్యాయంగా కనపడలా.

కాగితం మీద అనుమతి లేకపోతే ఏమైద్దో 2020 మే 7న విశాఖలో చూశాం. ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది పోయారు. చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేకుండానే ఆ ప్లాంటు నడిచిందని తర్వాత బయటపడింది. చనిపోయాక 50 కోట్లు కట్టమని ట్రిబ్యునల్ అంది. ముందే కాగితాలు తిప్పి చూసినోడు ఉంటే?

కొల్లేరు చెప్పే పాఠం

చట్టం గట్టిగా దిగితే చాలదా అంటారా? కొల్లేరు చూడండి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ జాబితాలోకెక్కింది, ప్రపంచం గుర్తించిన చిత్తడి నేల. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఇంతకంటే గట్టిగా చట్టం ఏం దిగుద్ది? తర్వాత చాలా చోట్ల మళ్లీ గట్లు లేచినయ్యి. ఎందుకంటే గట్లు కొట్టినోళ్లు, అక్కడి చిన్న జనం రేపు ఏం తిని బతకాలో తేల్చలా. కూలోడి చెరువూ, వందెకరాల షావుకారు చెరువూ ఒకటే అన్నట్టు చూశారు.

పైగా కొల్లేటికి మురికి చెరువుల్లోంచే రాదు. బుడమేరు విజయవాడ పక్కగా దిగి కొల్లేట్లోనే కలుస్తది. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్‌ని ముంచిన బుడమేరే. వరదొచ్చినప్పుడే దాని పేరు వింటాం, మిగతా రోజుల్లో అది ఏం మోసుకెళ్తుందో అడగం. కొల్లేరు విజయవాడకి శివారు. మా ఊరు బందరు కాలవకి శివారు. ఇద్దరిదీ ఒకటే రాత.

మనమూ ఎవరికో పైనోళ్లమే

ఇది రాయకపోతే నేను అబద్ధమాడినట్టే. మా బాబాయికి మూడెకరాల రొయ్యల చెరువుంది. నా ఇంటర్ ఫీజు ఆ చెరువు డబ్బుల్లోంచే కట్టారు. పంట పట్టాక ఆ నీళ్లు, అడుగు బురద అంతా డ్రెయిన్లోకి తోడేస్తాం. ఆ డ్రెయిను పక్క ఊరి మీదుగా పోద్ది. అక్కడి గేదెలు అందులోనే దిగుతాయి. ఓసారి ఆ ఊరాయన మా బాబాయిని అడిగాడు: "ఏం బాబూ, విజయవాడోళ్లు మీకు చేసిందే మీరు మాకు చేస్తున్నారుగా?" మా బాబాయి మాట్లాడలా. నేనూ మాట్లాడలా.

మూడెకరాల చెరువు చట్టం కంటికి ఆనదు. అలాంటియ్యి వెయ్యి కలిస్తే డ్రెయినే సచ్చిపోద్ది. అందుకని, మనం పైకి వేలు చూపించే ముందు బాబాయితో కూర్చుని మాట్లాడాలి. చెరువులోనే ఓ మూల నీళ్లు నిలవబెట్టి, బురద తేరాక వదలమని. ఈ ఏడాది సగం ఒప్పుకున్నాడు. బురదైతే గట్టు మీదకే ఎత్తిస్తానన్నాడు. చూడాలి.

మరి ఏం చెయ్యాలి

పోయినేడు నేను మొదటి నీళ్లు వాటర్ బాటిల్లో పట్టుకుని ఓ ప్రభుత్వ ఆఫీసుకెళ్లా. అక్కడాయన నవ్వాడు. "బాటిల్ తెస్తే కుదరదు తమ్ముడూ" అన్నాడు. కోపమొచ్చింది. తర్వాత చదివితే ఆయన మాట నిజమే. కేసులో నిలబడాలంటే బోర్డు వాళ్లే వచ్చి, నీటి చట్టం 21వ సెక్షన్ చెప్పిన పద్ధతిలో శాంపిల్ తీసి, సీలెయ్యాలి. కాబట్టి మన పని బాటిల్ మొయ్యడం కాదు, వాళ్లని కాలవ గట్టుకి రప్పించడం.

దానికి చట్టంలోనే దారులున్నాయి. 25వ సెక్షన్ ప్రకారం, ఏ ఫ్యాక్టరీకి ఏ షరతుల మీద అనుమతిచ్చారో రాసిన రిజిస్టరు బోర్డు దగ్గరుంటది. ఆ మురుగు తగిలే మనిషి ఎవరైనా వెళ్లి చూడొచ్చు. 49వ సెక్షన్ కింద, ఫలానా తప్పు మీద కోర్టుకి పోతానని బోర్డుకి 60 రోజుల ముందు నోటీసిస్తే, తర్వాత మామూలు మనిషే కేసు వెయ్యొచ్చు. శుద్ధి ప్లాంటు నెలనెలా రిపోర్టులు పది రూపాయల ఆర్టీఐతో అడగొచ్చు. ఊరి మురుగు గొడవైతే ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టొచ్చు. రత్లాం వాళ్లు వాడిన పాత సెక్షన్ 133, కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 152 అయింది. ఏదీ కాకపోతే హరిత ట్రిబ్యునల్. నష్టపరిహారం అడగని అర్జీకి ఫీజు వెయ్యి రూపాయలు. గొడవ మొదలైన ఆరు నెలల్లో పోవాలి, ఈ గడువు మర్చిపోమాకండి. 2019 ఏప్రిల్‌లో కృష్ణలో అడ్డగోలు ఇసుక తవ్వకాల మీద రాష్ట్ర ప్రభుత్వాన్ని 100 కోట్లు కట్టమని ఆదేశించింది ఆ ట్రిబ్యునలే. అర్జీ పెట్టింది పౌరులే.

ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఫొటో తియ్యండి. తేదీ రాసుకోండి. కాలవ వదిలిన రోజు, నురగొచ్చిన రోజు, చేపలు తేలిన రోజు, వాసనొచ్చిన టైము. ఒక ఊరోళ్లు రాస్తే గోల అంటారు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, బందరు దాకా కాలవ పొడుగూతా కుర్రాళ్లు ఒకే వారం రాస్తే దాన్ని రికార్డు అనక తప్పదు. మురికి ఎక్కడ ఎక్కువైందో ఆ రికార్డే చెప్పిద్ది. చట్టానికి కావాల్సిన గొట్టం మనకి దొరికేది అక్కడే.

మా ఊళ్లో ఐదుగురం ఓ నోట్‌బుక్ మొదలెట్టాం. వచ్చే జూన్‌లో కాలవ వదిలిన రోజున మొదటి పేజీ రాస్తాం. మీ ఊరు కాలవకి పైనున్నా, కిందున్నా, మీరూ ఓ నోట్‌బుక్ పెట్టండి. పైనున్నోళ్లు ముందు పెడితే మాకు ఇంకా మేలు.